భయపడకుండా ‘అవును’ నొక్కండి

కిందటి వారం నవనీతను మూసాపేట మెట్రో మెట్ల మీద వదిలి వచ్చాం. ఒక చేతిలో శుక్రవారం పూజకని కొన్న చామంతుల పొట్లం, ఇంకో చేతిలో ఫోను. ఆ ఫోనులో, దవాఖాన కంప్యూటర్ చూసుకునే సోమేశ్వరరావు గారు పంపిన సందేశం: “అమ్మా, మీరు రాసిన పేజీ పక్కన పెట్టుకుని అందులో చెప్పినట్టే చేశాను. ఇప్పుడు కంప్యూటర్లో ఒక్క పేషెంటు పేరు కూడా కనిపించడం లేదు. కొంచెం వస్తారా?”

ఆమె ఇంకా ఆ మెట్ల మీదే ఉంది. ఆఫీసులు వదిలిన జనం ఆమెను తప్పించుకుంటూ దిగిపోతున్నారు. ఎవరో “మేడమ్, జర పక్కకు” అన్నారు. ఆమె పక్కకు జరిగింది గాని దిగలేదు. దిగితే దవాఖాన, దవాఖానలో ఆ కంప్యూటర్.

నవనీతను ఇప్పుడే కలుస్తున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. ఆమె బోరబండ ఇంటి కోడలు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో, లోపలికి వచ్చేవాళ్లకు బ్యాడ్జీలు ఇచ్చే బల్ల దగ్గర పనిచేసేది. ఒకరోజు ఆ బల్ల తీసేసి గోడకు ఒక తెర బిగించారు. బ్యాడ్జీ ఇక ఆ తెరే ఇస్తుందన్నారు. ఇంట్లో కూర్చున్న నవనీతకు ఓపెన్ సోర్స్ అనే మాట చెప్పింది, అదే ఆఫీసులో పనిచేసిన రసజ్ఞ.

“అక్కా, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎవరి సొంతమూ కావు. అన్నదానం వంటిల్లు లాంటివి. ఎవరైనా లోపలికొచ్చి కూరగాయలు తరగొచ్చు. నీకు కోడ్ రాకపోయినా పర్లేదు. దాన్ని ఎలా వాడాలో మామూలు మాటల్లో రాసేవాళ్లే దొరకట్లేదు. జీతం ఉండదు గానీ, పేజీ మీద నీ పేరుంటుంది. రేపు ఉద్యోగానికి అదే చూపించు.”

అలా మొదలైంది. మొదటిసారి ఒక పేజీలో చిన్న మార్పు చేసి పంపడానికి కూడా నవనీత దేవుడి గదిలోకి వెళ్లి దండం పెట్టుకుని వచ్చింది. తర్వాత ‘పొద్దు’ అనే సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగింది. చిన్న చిన్న ఉచిత దవాఖానల్లో ఏ పేషెంటుకు ఏ మందు, ఎంత మోతాదు అని దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. దాని కొత్త వెర్షన్‌కు ఎలా మారాలో ఇంగ్లీషులో పేజీ ఉంది, తెలుగులో లేదు. ఆమె రాసింది. ‘పొద్దు’ను చూసుకునే రోహిత్ “చాలా బాగుంది” అని ఒక మాట, రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఆ పేజీని ఒప్పుకున్నాడు. దాని కింద నవనీత పేరు చేరింది. భర్త మహేశ్ ఆ పేరును ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు.

ఇప్పుడు మాదాపూర్‌లోనే ఒక కంపెనీకి ఇలాంటి పేజీలు రాసే మనిషి కావాలట. సోమవారం ఇంటర్వ్యూ. మీరు రాసిందేదైనా పంపండి అన్నారు. నవనీత ఆ పేజీనే పంపింది. పంపడానికి ఆమె దగ్గర ఇంకోటి లేదు.

మెట్ల మీద నిలబడి రోహిత్‌కు ఫోన్ చేసింది. “వస్తున్నా, ఆ కంప్యూటర్‌ను మాత్రం ఇంకెవరూ ముట్టుకోవద్దని చెప్పండి” అన్నాడు. అతని గొంతులోని తొందర విన్నాక గాని ఆమె కాళ్లు కదలలేదు.

*

భజన మందిరం వెనక రెండు గదులే ఆ దవాఖాన. ప్రతి శనివారం డాక్టర్ నాగేశ్వరి గారు వచ్చి పైసా తీసుకోకుండా చూస్తారు. షుగరు, బీపీ, గుండె జబ్బుల వాళ్లే ఎక్కువ. కంప్యూటర్ పని సోమేశ్వరరావు గారిది. గుంటూరు వైపు మనిషి, ఖజానా ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. చొక్కా జేబులో పెన్ను లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు.

నవనీత లోపలికి వచ్చేసరికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కోప్పడితే బాగుండుననుకుంది. ఆయన కోప్పడలేదు.

“రండమ్మా, కూర్చోండి. మంచినీళ్లు తాగండి ముందు.”

“సార్, ఏమైంది?”

ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు. తెల్లటి తెర మధ్యలో పచ్చరంగు అక్షరాలు: పేషెంట్లు ఎవరూ లేరు. మొదటి పేషెంటును చేర్చండి! చివర ఆశ్చర్యార్థకం కూడా ఉంది. కొత్త దుకాణం తెరిచినప్పుడు పలకరించినంత సంతోషంగా పలకరిస్తోంది.

ఆయన బల్ల మీద ఒక కాగితం పరిచాడు. నవనీత పేజీని ప్రింటు తీసుకున్నాడు. ఒక్కో మెట్టు పూర్తి కాగానే పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాడు. టిక్కులన్నీ ఒకే కొలతలో, ఒకే వరుసలో ఉన్నాయి. ఒక చోట మాత్రం టిక్కు కొంచెం వణికింది.

“ఇక్కడమ్మా,” అన్నాడు ఆ టిక్కు మీద వేలు పెట్టి.

తను రాసిన మాటలే. ‘పాత సమాచారం తీసేయండి. ఖాయంగా తీసేయమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. భయపడకుండా అవును నొక్కండి.’

“అబద్ధం ఎందుకు, ఆ ప్రశ్న వచ్చినప్పుడు నా చెయ్యి ఆగిందండి. ఏళ్ల తరబడి ఖజానాలో పనిచేసినవాణ్ని, తీసేయమంటారా అంటే ఆగకుండా ఎలా ఉంటాను? కానీ మీరు రాశారు కదా, భయపడొద్దని. మనలాంటి వాళ్ల భయం తెలిసిన తల్లెవరో రాసింది అనుకున్నాను. నొక్కేశాను.”

ఆ పేజీ మొత్తంలో నవనీతకు బాగా నచ్చిన మాట అదే. కంప్యూటర్ ముందు తను పడ్డ భయమంతా గుర్తు తెచ్చుకుని, ఇంకొకరు పడకూడదని రాసిన మాట.

“కాపీ తీసి పెట్టుకోమని కూడ రాసిన సార్. కింద ఉన్నది చూడుండ్రి, తర్వాతి మెట్టు.”

“చూశానమ్మా. తీసేశాక కాపీ తీశాను. అది కూడా టిక్కు పెట్టాను.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “దేన్ని కాపీ తీశానో మాత్రం నాకు అర్థం కాలేదు.”

అప్పుడు నవనీతకు తను చేసిన పని కళ్ల ముందుకొచ్చింది. ఇంగ్లీషు పేజీలో కాపీ తీయడమే ముందుంది. తనే మార్చింది. మార్చిన రోజు కూడా గుర్తుంది. పొద్దున పూజకు కూర్చుంటూ నిన్నటి పూలు తీసి, పటాలు తుడిచి, అప్పుడు దీపం పెట్టింది. పూజైనాక కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ ఇంగ్లీషు వరుస ఎబ్బెట్టుగా అనిపించింది. నిర్మాల్యం తీయకుండా పూజ ఎక్కడైనా మొదలవుతుందా? పాతది తీసేయడమే మొదటి పని కదా? అని ఆ మెట్టును పైకి తెచ్చింది. తన కంప్యూటర్లో చేసి చూసుకుంది కూడా. అందులో పేషెంట్లు లేరు. పోవడానికి ఏమీ లేని చోట ఏదీ పోలేదు.

ఎవరూ చెప్పకుండా, మంచిదనుకుని, భక్తితో చేసిన మార్పు. అజాగ్రత్తతో చేసిన తప్పుకు మనిషి సిగ్గుపడితే సరిపోతుంది. శ్రద్ధతో చేసిన తప్పుకు ఏం చేయాలో ఎవరు చెబుతారు?

“రేపు శనివారమమ్మా,” అన్నాడు సోమేశ్వరరావు. “చాలామంది దగ్గర మందుల చీటీలుంటాయి, తెమ్మనొచ్చు. లింగమూర్తి ఉన్నాడు చూడండి, గుండె ఆపరేషన్ అయినాయన. రక్తం పలచబడే బిళ్ల వేసుకుంటాడు. పోయిన శనివారమే మోతాదు మార్చారు. ఆయన చీటీ ఏనాడూ దాచుకోడు, కంప్యూటర్లో ఉంది కదా అంటాడు. ఎక్కువ పడితే ఎక్కడైనా గీసుకున్నా రక్తం ఆగదు. తక్కువ పడితే లోపల గడ్డకడుతుంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, అందరివీ నాకు నోటికెలా గుర్తుంటాయండీ అన్నారు. ఆవిడ అన్నదీ నిజమే కదా.”

ముందు హాల్లో ఎవరో తాళాలు సరిచూసుకుంటున్నారు. శుక్రవారం భజనకు వేళవుతోంది. తలుపు దగ్గర సక్కుబాయి తల పెట్టి చూసింది. నవనీత అత్తగారు. ఆమె షుగరు మందులు కూడా ఇక్కడివే.

“ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్? పూలు తెచ్చినవా?”

నవనీత పొట్లం అందించింది. సక్కుబాయి కోడలి ముఖం వైపు ఒక చూపు, తెర వైపు ఒక చూపు చూసి, పొట్లం తీసుకుంది. కాని వెళ్లలేదు.

*

రోహిత్ వచ్చేసరికి హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది, మెడలో ఆఫీసు కార్డు ఊగుతోంది. మాదాపూర్ నుంచి ఎలా వచ్చాడో గాని చెమటలు కక్కుతున్నాడు. కూర్చోకుండానే కంప్యూటర్ ఆపేసి, వైరు కూడా పీకేశాడు.

“తుడిచేసినవి ఒక్కోసారి డిస్క్‌లో మిగిలి ఉంటాయండి. పైన కొత్తవి రాయకపోతే లాగొచ్చు. వస్తాయని మాటివ్వలేను. రేపటికి మాత్రం అస్సలు ఇవ్వలేను.”

“అంటే రావచ్చు, రాకపోవచ్చు,” అన్నాడు సోమేశ్వరరావు.

“అవునండి.”

ఆయన తల ఊపాడు. ఆ ప్రింటు కాగితాన్ని రోహిత్ ముందుకు జరిపాడు.

“బాబూ, ఎవరు రాసినా ఇంకొకరు చూసి ఒప్పుకుంటే గాని పేజీ బయటికి రాదని నవనీత ఒకసారి చెప్పింది. అందుకే నాకు ధైర్యం. మా ఆఫీసులోనూ అంతే, ఒకరు రాస్తే ఇంకొకరు చూసి సంతకం పెట్టేవాళ్లం. ఇది చూసింది మీరేనా?”

“నేనేనండి. నేనే అప్రూవ్ చేశా.”

“మరి ఈ వాక్యం మీకెలా అనిపించింది? తప్పుపట్టడానికి కాదు, తెలుసుకుందామని. ఒక్కసారి పైకి చదవండి.”

రోహిత్ కాగితం తీసుకున్నాడు. చూశాడు. కొంచెం దూరం పెట్టి చూశాడు. అతని చెవులు ఎర్రబడటం నవనీత గమనించింది.

“కళ్లద్దాలు కావాలా బాబూ? నావి ఇస్తాను.”

“కాదండి.” కాగితం బల్ల మీద పెట్టేశాడు. “నాకు తెలుగు చదవడం రాదండి. మాట్లాడతాను, అంతే.”

హాల్లో తాళాలు అప్పుడే ఆగిపోయాయి.

ముందు తేరుకున్నది సక్కుబాయి. “ఏందీ? గింత మంచిగ మాట్లాడ్తున్నవ్, సదువరాదా?”

“స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నానండి. మార్కులు బాగా వేస్తారని.”

“గట్లయితే సంస్కృతమన్న వస్తదా?”

“అదీ రాదండి.”

వేరే రోజైతే నవనీత నవ్వేది. “మరి బాగుంది అన్నరు గద. చాలా బాగుంది అని రాసిండ్రు.”

“ఆ రెండు ముక్కలూ ఇంగ్లీషులో కొడితే ఫోనే తెలుగు చేసింది.” అతను తలెత్తలేదు. “పేజీ నీట్‌గా ఉందండి. బొమ్మలన్నీ ఉన్నాయి, నంబర్లు ఉన్నాయి. ఇంగ్లీషు పేజీలో ఉన్నవన్నీ ఉన్నాయా అని చూశా. ఉన్నాయి. వరుస మారిందేమో చూసుకోలేదు. తెలుగులో మొదటి పేజీ వచ్చిందన్న సంబరం. ఇంకెవరితోనైనా చదివించమని అడగాలంటే సిగ్గేసింది. తెలుగువాణ్ని కదా.”

నవనీత ఆ చామంతుల పొట్లం ఇంకా తన చేతిలో ఉన్నట్టు వేళ్లు ముడుచుకుంది. ఆ ‘చాలా బాగుంది’ని ఆమె ఎన్నిసార్లు తెరిచి చూసుకుందో ఎవరికీ తెలియదు. బల్ల తీసేసిన రోజు నుంచి ఎవరైనా బాగుందన్నది అదొక్క పని. దాన్ని రోహిత్ చదవనే లేదు. పెళ్లి ఫోటోలో బట్టలు చూసి మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నాడు.

సోమేశ్వరరావు కాగితాన్ని మడిచాడు. “అంటే నొక్కేముందు దీన్ని చదివినవాణ్ని నేనొక్కణ్నే అన్నమాట,” అన్నాడు మెల్లగా. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే ఆ ఇద్దరికీ తేలికగా ఉండేది.

“ఒక్కరేనా?” అంది నవనీత హఠాత్తుగా. “రోహిత్ గారు, సార్ ఒక్కరేనా? ఇంకెందరు చూసిండ్రు ఆ పేజీ?”

అసలు భయం ఇక్కడ మొదలైంది. రోహిత్ ల్యాప్‌టాప్ తెరిచాడు. కొత్త వెర్షన్ వచ్చి వారమే అయింది. ఊరూరా దవాఖానల వాళ్లు ఇప్పుడే మారుతున్నారు. తెలుగు పేజీని తెరిచినవాళ్ల సంఖ్య ఆమె అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. సంఖ్య మాత్రమే ఉంటుంది, వాళ్లు ఎవరో, ఎక్కడున్నారో ఉండదు. నిన్నటి దాకా ఆ సంఖ్య చూస్తే ఆమె సంతోషపడేది.

“ముందు వరుస సరిచేద్దాం,” అన్నాడు రోహిత్, మాటలు తొందరగా దొర్లిస్తూ. “ఇప్పుడే, రెండు నిమిషాల పని. ఇకమీదట తెరిచినవాళ్లకు సరైనదే కనిపిస్తుంది. సోమవారం మీ ఇంటర్వ్యూ వాళ్లు తెరిచినా శుభ్రంగా ఉంటుంది. పాత పేజీ ఎలా ఉండేదో వెనక్కి వెళ్లి ఎవరూ వెతకరు నవనీత గారు, నేను చూశా కదా ఇన్నాళ్లూ.”

“ఇప్పటికే ప్రింటు తీసుకున్నోళ్లు? సార్ లెక్క?”

రోహిత్ మడిచిన ఆ కాగితం వైపు చూశాడు.

“రేపు పొద్దుగాల్ల కాగితం ముంగట పెట్టుకుని కూసునేటోళ్లు? మనం వరుస మార్చినమని వాళ్లకెట్ల ఎర్కయితది?”

“ఒక దారి ఉంది.” అతను కాసేపు తటపటాయించాడు. “పొద్దు తెరవగానే మొదట కనిపించే చోట నోటీసు పెట్టొచ్చు. ఏ దవాఖానలో తెరిచినా అదే ముందు వస్తుంది. కానీ ఆలోచించండి. పేజీ కింద మీ పేరుంది. నోటీసు పేజీ మీద కూడా ఎర్రగా ఉంటుంది. ఇంటర్వ్యూ వాళ్లు మీ పని చూద్దామని తెరిస్తే ముందు కనిపించేది మీ తప్పే.”

నవనీత సోమేశ్వరరావు వైపు చూసింది, ఏదైనా చెబుతాడేమోనని. ఆయన చెప్పలేదు. కొన్ని సలహాలు పెద్దవాళ్లు ఇవ్వకపోవడమే మర్యాద.

ఆమె లేచి హాల్లోకి వెళ్లింది.

*

సక్కుబాయి వేదిక మీద పటాల ముందు ఉంది. పొట్లం పక్కన పెట్టుకుని, నిన్నటి దండలు ఒక్కొక్కటే తీస్తోంది. నవనీత వెళ్లి పక్కన నిలబడింది. చేతులకు అలవాటైన పని కాబట్టి తనూ ఒక దండ తీసింది. తీసి చేతిలోనే పట్టుకుంది. లోపల మాత్రం దేవుడితో తగువు నడుస్తోంది. స్వామీ, నీ దగ్గర నేర్చుకున్న పద్ధతేగా? ఇందులో తప్పెక్కడుంది? మంచి పనికని వెళితే నాచేతే ఎందుకు చేయించావు?

స్వామి పటంలో ఎప్పటిలాగే ఉన్నాడు. ఆయన్ను అడగడం తప్పు కాదేమో. అడిగి, జవాబు ఆయన నోటినుంచే రావాలని పట్టుబట్టడమే తప్పేమో.

“ఏంది, దండ పట్టుకుని నిలవడ్డవ్?” అంది సక్కుబాయి. “బుట్టల ఎయ్యి.”

“అత్తమ్మా, ముందు పాత పూలే తీస్తం గద?”

“తియ్యకుంటె కొత్తయి యాడ పెడ్తవ్?”

“నేను గదే రాసిన. ముందు పాతది తీసుడే అని.”

సక్కుబాయి కోడలి వైపు తిరిగింది. గదిలో జరిగినదంతా తలుపు దగ్గర నిలబడి వింది కాబట్టి ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. “తీస్తం గని, తీసినంక యాడ పడితె ఆడ పారేస్తమానె? బుట్టల ఏస్తం. బుట్ట ముందుగాల పక్కన పెట్టుకున్నంకనే దండ మీద చెయ్యేస్తం. మొన్న నీ ముక్కుపుడక పూలల్ల పడలేదా? బుట్టల దేవులాడితె దొరికె. లేకుంటె దొరుకునా?”

నవనీత కిందకు చూసింది. సక్కుబాయి కాళ్ల దగ్గర వెదురు బుట్ట. ఇంట్లోనూ అలాంటిదే ఉంది. రోజూ పొద్దున పటాల ముందు కూర్చునే ముందు ఆ బుట్టను దగ్గరికి లాక్కోవడం ఆమె చెయ్యి చేస్తుంది గాని మనసు గమనించదు. అలవాటైన పనిలో మొదటి మెట్టు కంటికి కనిపించదు. అందుకే రాసేటప్పుడు అది జారిపోయింది. పద్ధతిలో తప్పు లేదు, తను రాసినది సగం పద్ధతి.

ఆమె చేతిలోని దండను బుట్టలో వేసింది. కళ్లు తుడుచుకుంది.

“ఏడుస్తె ఏమొస్తది?” సక్కుబాయి గొంతు మెత్తబడింది. “ఆ లింగమూర్తి నాకెర్కే. బోరబండ రైల్వే స్టేషన్ దిక్కు ఉంటడు. భజనకాడ మైకుల చెప్తా, ఎవని చీటీ వాడు తెచ్చుకోవాలె రేపు అని. వాని ఇంటికాడికి మనిషిని తోలిస్త. మందు బిళ్లల అట్టలన్న ఉంటయి గద, అయన్న పట్కరమ్మంట. నీ పని నువ్వు సూడుపో.”

*

రోహిత్ ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు. నవనీత రాయడం మొదలుపెట్టింది. మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగింది. తర్వాత ఆగలేదు. రాసింది రోహిత్ వైపు తిప్పబోయి, గుర్తొచ్చి, తన వైపే తిప్పుకుంది.

“నేను చదువుత. మీరు వినుండ్రి. అర్థం గాకపోతే ఆపుండ్రి. ఈసారి సిగ్గువడకుండ్రి.”

“సరేనండి,” అన్నాడు రోహిత్, బల్లకు దగ్గరగా జరిగి.

ఆమె చదివింది. “ఆగండి. కొత్త పొద్దుకు మారడం గురించి నేను రాసిన పేజీలో వరుస తప్పు. పాత సమాచారం తీసేయకండి. ముందు దాని కాపీ తీసి వేరేచోట దాచండి. ఆ కాపీ తెరిచి, అందులో మీ పేషెంట్ల పేర్లున్నాయో లేదో కళ్లతో చూసుకోండి. ఆ తర్వాతే మిగతా పని. ఇప్పటికే అవును నొక్కి ఉంటే కంప్యూటర్ ఆపేసి, కింద ఉన్న నా నంబరుకు ఫోన్ చేయండి. భయపడకుండా నొక్కమని రాసింది నేనే. అక్కడ భయపడటమే సరైన పని. నవనీత, బోరబండ.”

రోహిత్ మధ్యలో రెండుసార్లు ఆపాడు. ‘వేరేచోట’ అంటే అదే కంప్యూటర్లో ఇంకో చోట అనుకుంటారేమో అన్నాడు. నవనీత ‘వేరే పెన్‌డ్రైవ్‌లో’ అని మార్చింది. సోమేశ్వరరావు జేబులోంచి పెన్ను తీసి, అలవాటుకొద్దీ గాలిలోనే ఒక టిక్కు పెట్టాడు.

“చివర ఇంకో మాట వేయండి,” అన్నాడు రోహిత్. “చదవకుండా ఒప్పుకున్నది రోహిత్ అని.”

“మీకు ఆఫీసుల…”

“వేయండి నవనీత గారు. నా పేరు ఎలా రాస్తారో కూడా చూపించండి ఒకసారి.”

ఆమె రాసింది. అతను ఆ మూడు అక్షరాల వైపు కొంచెంసేపు చూశాడు.

హాల్లో భజన మొదలవలేదు గాని మైకు మొదలైంది. సక్కుబాయి గొంతు గోడలు దాటి వచ్చింది. “అందరు వినుండ్రి. రేపు దవాఖానకొచ్చేటోళ్లు మందుల చీటీ తెచ్చుకోవాలె. చీటీ పోతే బిళ్లల అట్ట తెచ్చుకోవాలె. అట్ట గూడ లేనోడు ఇప్పుడే నాకాడికి రావాలె. ఫికర్ వద్దు, గని మర్సిపోవద్దు.”

అంతటి ఆందోళనలోనూ సోమేశ్వరరావు ముఖంలో నవ్వులాంటిది కదిలింది.

రోహిత్ చివరి మెట్టు దాకా తెచ్చి ఆగాడు. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. పొద్దు వాడే అందరికీ దీన్ని పంపమంటారా? కింద రెండు గడులు, అవును, కాదు. అతను ల్యాప్‌టాప్‌ను నవనీత వైపు తిప్పాడు.

“మీరే నొక్కండి.”

ఎదురుగా సోమవారం ఉంది. మహేశ్ చుట్టాలకు పంపిన ఫోటో ఉంది. గోడకు బిగించిన తెర ఉంది. వీటన్నిటికీ అవతల, ఎక్కడో తనకు పేరైనా తెలియని ఊళ్లో, పక్కన కాగితం పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషొకరున్నారు. ఆ మనిషి చెయ్యి ఆగింది. ఆ మనిషి నవనీత రాసిన మాట చదువుతోంది. ధైర్యం తెచ్చుకుంటోంది.

నవనీత నొక్కింది.

ఏమీ జరగలేదు. చప్పుడు లేదు, మెరుపు లేదు. తెర మీద ‘పంపబడింది’ అని వచ్చింది, అంతే. ముగ్గురూ ఆ మాట వైపే చూస్తూ కూర్చున్నారు. హాల్లో మృదంగం మీద ఎవరో చెయ్యి వేశారు. మొదటి పాట ఎత్తుకున్నారు. నవనీతకు ఆ పాట చిన్నప్పటినుంచీ నోటికి వచ్చు. ఈరోజు ఒక్క ముక్క కూడా చెవికెక్కడం లేదు.

నవనీత ఫోను మోగింది.

తెలియని నంబరు. రోహిత్ ఆమె వైపు చూశాడు. సోమేశ్వరరావు లేచి, భజన చప్పుడు రాకుండా తలుపు వేశాడు. ఈ వేళప్పుడు ఇంటర్వ్యూ వాళ్లు చేస్తారా? చేయొచ్చు. పేజీ తెరిచి చూసి ఉండొచ్చు. లేదూ, ఆ తెలియని ఊరి మనిషే అయ్యుండొచ్చు. నొక్కకముందు ఆగినవాళ్లో, నొక్కేశాక చూసినవాళ్లో.

“హలో.”

అవతల ఆడగొంతు. వెనక ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు. అది ఆఫీసో దవాఖానో చెప్పడం కష్టంగా ఉంది. ఆ గొంతులో కోపం లేదు, కంగారు లేదు. ఏమీ లేకపోవడమే భయంగా ఉంది.

“నవనీత గారేనా? పొద్దు గురించి తెలుగులో ఆ పేజీ రాసింది మీరేనా?”

నవనీత కళ్లు మూసుకుంది. వేలితో నొక్కాల్సిన గడి ఏదీ ఎదురుగా లేదు. నోటితోనే చెప్పాలి.

భయపడుతూనే, “అవునండి,” అంది. “నేనే.”